యాన్ బ్రూగెల్ (పెద్ద)

యాన్ బ్రూగెల్ (1568 - జనవరి 13, 1625) ఫ్లెమిష్ చిత్రకారులలో అగ్రగణ్యుడు. ఇతనికి 'మఖమల్ బ్రూగెల్' అనే పేరు కూడా ఉంది. పీటర్ పాల్ రూబెన్స్‌తో కలిసి రూపొందించిన పంచేంద్రియాల చిత్రాలు ఇతని రచనలలో మిక్కిలి ప్రసిద్ధమైనవి. ఇదే పేరుగల కుమారుడు కూడా చిత్రకారుడే కావడం వల్ల ఇతనిని 'పెద్ద' అని వ్యవహరిస్తారు.

బాల్యం, విద్య

బ్రూగెల్ బ్రస్సెల్స్ నగరంలో జన్మించాడు. తండ్రి పీటర్ బ్రూగెల్ గొప్ప చిత్రకారుడు. మరుసటి ఏడాదే, 1569లో, తండ్రి మరణించాడు. పదేళ్ళ వయసులో తల్లి కూడా గతించగా అమ్మమ్మ మేకెన్ వెర్‌హుల్స్ట్ పెంచింది. ఆమె సూక్ష్మచిత్రకారిణి. నీటిరంగుల చిత్రణ ఆమె వద్దనే నేర్చుకున్నాడని కారెల్ వాన్ మాండర్ పేర్కొన్నాడు. తరువాత ఇటలీ వెళ్ళి నేపుల్స్, రోమ్, మిలాన్ నగరాలలో పనిచేశాడు. అక్కడ కార్డినల్ ఫెడెరికో బొర్రోమియో ఇతనికి జీవితాంతం పోషకుడయ్యాడు. 1596లో ఆంట్వెర్ప్ చేరి అక్కడే స్థిరపడ్డాడు.

పంచేంద్రియాల చిత్రాలు

స్పెయిన్, డచ్ రాజ్యాల మధ్య 1609లో కుదిరిన పన్నెండేళ్ళ సంధికాలంలో, 1617-18లో, ఈ ఐదు చిత్రాలు వెలువడ్డాయి. ప్రతి ఇంద్రియాన్ని ఒక స్త్రీమూర్తిగా భావించారు. ఆ మూర్తులను రూబెన్స్ చిత్రించగా, చుట్టూ ఉన్న అసంఖ్యాకమైన వస్తువులను బ్రూగెల్ చిత్రించాడు. 'దృష్టి'లో చిత్రపటాలు, దూరదర్శిని, గోళం కనిపిస్తాయి. ఆ స్త్రీ చూస్తున్నది క్రీస్తు అంధునికి చూపు ప్రసాదిస్తున్న పటాన్ని. 'శ్రవణం'లో వాద్యాలు, గడియారాలు, 'ఘ్రాణం'లో పూలతోట, 'రుచి'లో విందు బల్ల ఉన్నాయి. 'స్పర్శ'లో ఒకవైపు ఆలింగనం, మరొకవైపు కవచాల గుట్టలు, కమ్మరి కొలిమి కనిపిస్తాయి. సుఖాన్నీ బాధనూ తెలిపేది ఒకే ఇంద్రియమని ఈ చిత్రం స్ఫురింపజేస్తుంది.

ఇవి 1636 నాటికే మాడ్రిడ్ రాజప్రాసాదంలో ఉన్నాయి. ప్రస్తుతం ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి.

రూబెన్స్‌తో స్నేహం

వీరి స్నేహం చిత్రకళకే పరిమితం కాలేదు. బ్రూగెల్ తరఫున బొర్రోమియోకు ఇటాలియన్ భాషలో అనేక లేఖలు రాసినది రూబెన్సే.

మరణం

1625లో వ్యాపించిన కలరాకు బ్రూగెల్‌తో పాటు అతని సంతానంలో ముగ్గురు బలయ్యారు. మిగిలిన పిల్లల సంరక్షకులలో ఒకరిగా రూబెన్స్ బాధ్యత వహించాడు. ఇటలీలో ఉన్న పెద్దకుమారుడు యాన్ తిరిగివచ్చి తండ్రి చిత్రశాలను కొనసాగించాడు. కుమార్తె అన్నా 1637లో చిత్రకారుడు డేవిడ్ టెనియర్స్‌ను వివాహమాడింది.