ఇంజనుల వైద్యురాలు బియాట్రిస్ షిల్లింగ్

బియాట్రిస్ షిల్లింగ్ 1909లో ఇంగ్లండులోని హాంప్‌షైర్ ప్రాంతమున ఒక మాంసపు వర్తకుని ఇంట జన్మించినది. పదునాలుగవ యేటనే మోటారు సైకిలు కొని, దానిని విప్పి బిగించుటలో ఆనందించిన బాలిక ఆమె. మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పట్టము పొంది, 1936లో ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో చేరినది. అంతకు ముందే, 1934లో, బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై గంటకు 106 మైళ్ళ వేగమున మోటారు సైకిలు నడిపినది.

1940లో బ్రిటిషు వైమానికులకు విచిత్రమైన ఆపద వచ్చిపడినది. శత్రువును తరుముచు స్పిట్‌ఫైరు ముక్కును హఠాత్తుగా క్రిందికి వంచినచో మెర్లిన్ ఇంజను తడబడెడిది, ఒక్కొక్కప్పుడు ఆగిపోయెడిది. జర్మను మెస్సర్‌ష్మిట్ ఇంజనులలో పెట్రోలు నేరుగా సిలిండరులలోనికి చిమ్మబడును గనుక వాటికీ బాధ లేదు. ఆ తడబాటు క్షణకాలమే, కాని ఆకాశయుద్ధమున ప్రాణము పోవుటకు అంతకన్న వ్యవధి అక్కరలేదు.

లోపము కార్బురేటరులో నున్నది. విమానము అట్లు వంగినపుడు గదిలోని పెట్రోలు పైకెగసి, మొదట ఇంజనుకు ఆహారమందదు. అంతలో పెట్రోలు మట్టమును కాచు ఫ్లోటు అడుగునకు దిగి ద్వారమును బార్లా తెరచును. పంపు తోసిన పెట్రోలు వెల్లువయై ఇంజనుకు ఊపిరాడనీయదు. ఈ రెండవ రోగమే ఘోరమైనది.

దానికి షిల్లింగ్ చేసిన చికిత్స ఒక చిన్న ఇత్తడి తొడుగు. ఇంజను పూర్తి బలముతో పనిచేయుటకు ఎంత కావలెనో అంతే పెట్రోలు పోనిచ్చు రంధ్రము దానికున్నది. విమానములను యుద్ధమునుండి తప్పింపకయే దానిని బిగింపవచ్చును. 1941 ఆరంభమున ఆమె స్వయముగా మోటారు సైకిలుపై వైమానిక స్థావరములు తిరిగి ఆ పని సాగించినది. మార్చి నాటికి యుద్ధవిమాన దళమంతటికిని అవి అమరినవి. మొదటి రోగము మాత్రము కొంత మిగిలియే యున్నది. తలక్రిందుగా చిరకాలమెగురుటకు వేరు రకపు కార్బురేటరులు వచ్చువరకు ఆగవలసి వచ్చినది.

వైమానికులు ఆ తొడుగును మిస్ షిల్లింగ్ పేరిటనే పిలిచిరి. 1938లోనే ఆమెకు జార్జి నేలర్‌తో వివాహమైన సంగతి వారికి పట్టలేదు కాబోలు! యుద్ధానంతరము ఆమె కారు పందెములలోను పాల్గొన్నది. 1969 వరకు అదే సంస్థలో పనిచేసి, 1990లో మరణించినది.