అదే కుర్చీ రెండుసార్లు: నీలం సంజీవరెడ్డి జీవితం

వార్షికోత్సవ సంచిక వేస్తున్నామంటే అందులో ఒక పెద్దాయన జీవిత చరిత్ర ఉండాలన్నది మన సంఘాల ఆనవాయితీ. కొండా లక్ష్మణ్ బాపూజీ, ప్రగడ కోటయ్య వంటి మన చేనేత నాయకుల గురించి మనవాళ్లు ఎన్నోసార్లు రాశారు, ఇకముందూ రాస్తారు. ఈసారి మేము కొంచెం పక్కకు చూశాం. మన కులంవాడు కాకపోయినా, ఎన్నడూ మగ్గం గుంటలో కూర్చోకపోయినా, మనకు ఇవ్వాళ పనికొచ్చే తెలుగు నాయకుణ్ని ఎంచుకున్నాం. ఆయనే నీలం సంజీవరెడ్డి.

ఎందుకంటారా? వర్లి చాల్‌లలో ఒకే అంతస్తులో ఒక గది మీద ఒక పార్టీ జెండా, పక్క గది మీద ఇంకో పార్టీ జెండా కనిపిస్తుంది. ఊళ్లో ఒక పార్టీకి, ముంబైలో మరో పార్టీకి ఓటేసే ఇళ్లు కూడా మనలో ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, అందరికీ కలిపి ఒక్క మనిషిని ఎన్నుకోవాల్సి వచ్చినప్పుడు. గెలిచినాయన ఏ పార్టీ మనిషని ముందు చూస్తాం. ఓడినాయన మనుషులు మార్కండేయ జయంతికి కూడా రావడం మానేస్తారు. ఈ బాధ ఒక్క మన సంఘాలదే కాదు, దేశంలో అన్నిటికన్నా పెద్ద సభదీ ఇదే. ఆ సభ ఈ తెలుగాయనను రెండుసార్లు తన పెద్దగా ఎన్నుకుంది. మొదటిసారి పోటీ పడి ఎన్నుకుంది, రెండోసారి ఏకగ్రీవంగా ఎన్నుకుంది. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో చెప్పుకుందాం.

ఇల్లూరు నుంచి అమరావతి జైలు దాకా

సంజీవరెడ్డి 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. పట్టుచీరలు నేసే ధర్మవరం కూడా అప్పట్లో ఆ జిల్లాలోదే. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం బడిలో, తర్వాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదివారు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చినప్పుడు ఈ కుర్రాడి మనసు మారింది. విదేశీ బట్ట వదిలేసి ఖద్దరు కట్టారు. 1931లో చదువు కూడా మానేసి ఉద్యమంలోకి దిగారు. ఆ రోజుల్లో మనిషి ఎటువైపున్నాడో ఒంటి మీది బట్ట చెప్పేది. ఆ సంగతి మన నేతకారులకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కార్యదర్శి అయ్యారు. అప్పటికి ఆయన వయసు ఇరవై అయిదు. ఆ పనిలో పదేళ్లున్నారు. మధ్యలో జైళ్లు. 1942 ఉద్యమంలో పట్టుకుని అమరావతి జైలుకు పంపారు. ఇది కృష్ణా తీరంలోని అమరావతి కాదు, మన మహారాష్ట్రలోని విదర్భ అమరావతి. అక్కడ ప్రకాశం పంతులు, సత్యమూర్తి, కామరాజ్, వి.వి. గిరి ఆయనతోపాటు ఉన్నారు. వి.వి. గిరి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు, రాజ్యాంగ సభలోనూ కూర్చున్నారు. 1949 నుంచి 1951 వరకు మద్రాసు ప్రభుత్వంలో మంత్రి. 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఓడిపోయారు. ఓడించింది కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి, స్వయానా సంజీవరెడ్డి బావమరిది. ఒకే కుటుంబంలో రెండు జెండాలు అప్పుడే ఉన్నాయన్నమాట!

రెండో కుర్చీలో కూర్చున్న రోజులు

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. సంజీవరెడ్డి పార్టీయే పెద్దది. అయినా ముఖ్యమంత్రి పదవి ప్రకాశం పంతులుకు ఇచ్చారు. పంతులు అంతకుముందే కాంగ్రెస్ వదిలి బయటకు వెళ్లిన మనిషి. కానీ అన్ని పక్షాలవాళ్లూ ఆయన పేరంటే తల వంచేవారు. సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిగా కింద కూర్చున్నారు. ఆ ప్రభుత్వం ఏడాది దాటి కొద్ది రోజులకే, 1954 నవంబర్‌లో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955లో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయితే మళ్లీ ఈయన ఉపముఖ్యమంత్రే.

1956 నవంబర్ 1న తెలంగాణను కలిపి ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు చేసినప్పుడు సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మనలో చాలామంది తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మిల్లుల పనికి బొంబాయి వచ్చినవాళ్లు. అదే ఏడాది ఫిబ్రవరిలో రెండు ప్రాంతాల నాయకులు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలి. తొలి మంత్రివర్గంలో సంజీవరెడ్డి ఆ పదవి తెలంగాణకు ఇవ్వలేదు. అంతకుముందు మూడేళ్లు అదే పదవిలో కూర్చున్న మనిషి ఈ పని చేయడం తెలంగాణ వాళ్ల మనసుల్లో ముల్లులా ఉండిపోయింది. తర్వాత మన బాపూజీ ఆ శాసనసభకు ఉపసభాపతిగా పనిచేశారు. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవినే వదులుకున్నారు. అందరినీ కలపాల్సిన మనిషి మొదటి రోజే ఒక పక్షాన్ని చిన్నబుచ్చితే ఆ దెబ్బ ఎన్నాళ్లు సలుపుతుందో ఇందులో కనిపిస్తుంది.

1960 నుంచి 1962 వరకు ఆయన అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులు. 1962లో మళ్లీ ముఖ్యమంత్రి. కర్నూలు జిల్లాలో బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. ఆ మాట పడ్డాక కుర్చీ పట్టుకుని వేలాడలేదు, 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. ఆ తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధీ మంత్రివర్గాల్లో కేంద్ర మంత్రిగా ఉన్నారు.

1967: పోటీలో గెలిచిన స్పీకర్

1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు వచ్చారు. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ బలం బాగా తగ్గింది, చాలా రాష్ట్రాల్లో అధికారం పోయింది. ప్రతిపక్షాలు గట్టిపడ్డాయి. స్పీకర్ పదవికి కాంగ్రెస్ సంజీవరెడ్డిని నిలబెడితే, ప్రతిపక్షాలు విశాఖపట్నం సభ్యుడు తెన్నేటి విశ్వనాథంను నిలబెట్టాయి. దేశం మొత్తానికి స్పీకర్ ఎవరన్న పోటీలో ఇద్దరూ తెలుగువాళ్లే! పైగా ఇద్దరూ ఒకప్పుడు ప్రకాశం పంతులు మంత్రివర్గంలో కలిసి పనిచేసినవాళ్లు. సంజీవరెడ్డికి 278 ఓట్లు, విశ్వనాథంకు 207 ఓట్లు వచ్చాయి. అంటే సభలో 207 మంది ఈయన వద్దన్నారు.

గెలిచాక ఆయన ఏం చేశారన్నదే అసలు విషయం. ముప్ఫై ఏళ్లకు పైగా ఉన్న కాంగ్రెస్ పార్టీకి రాజీనామా ఇచ్చేశారు. స్పీకర్ అయ్యాక పార్టీ సభ్యత్వం వదలాలని మన దేశంలో చట్టమేమీ లేదు. ఎవరూ అడగలేదు కూడా. నన్ను వద్దన్న ఆ 207 మందికి కూడా నేనే స్పీకర్ని అని చెప్పడానికి ఆయన ఎంచుకున్న దారి అది.

సభ నడపడంలోనూ అదే పద్ధతి. రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజునే ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు రానిచ్చారు. అంతకుముందు అలాంటిది జరగలేదు. తనను కుర్చీ ఎక్కించిన ప్రభుత్వాన్నే ప్రతిపక్షం నిలదీయడానికి దారి ఇవ్వడమన్నమాట. షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమం కోసం పార్లమెంటు కమిటీ ఏర్పడటంలోనూ ఆయన పాత్ర ఉంది.

1969: కుర్చీ దిగిన తర్వాత

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చనిపోయారు. కాంగ్రెస్ పెద్దలు సంజీవరెడ్డిని అభ్యర్థిగా ప్రకటించారు. ప్రధాని ఇందిరాగాంధీకి అది ఇష్టం లేదు. సంజీవరెడ్డి స్పీకర్ పదవి వదిలి బరిలోకి దిగారు. ఎదురుగా స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది ఎవరనుకున్నారు? అమరావతి జైలులో కలిసి ఉన్న వి.వి. గిరి. మనస్సాక్షి ప్రకారం ఓటు వేసుకోమని ఇందిరాగాంధీ తమ పార్టీ వాళ్లకు చెప్పారు. రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెట్టాల్సి వచ్చింది. చివరికి గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. అదే ఏడాది నవంబర్‌కల్లా కాంగ్రెస్ రెండు ముక్కలైంది.

మాకు తోచినది ఇది. స్పీకర్‌గా ఉన్నంతకాలం ఆయన అందరి మనిషి. ఎన్నికల బరిలోకి వచ్చేసరికి ఒక వర్గం మనిషి అయిపోయారు. మనిషి మారలేదు, ఆయన్ని నిలబెట్టిన తీరు మారింది. పార్టీలో ఒక వర్గం ఇంకో వర్గం మీద పంతానికి వాడుకుంటే ఎంత మంచి పేరున్న మనిషైనా ఓడిపోతాడు. సంఘం ఎన్నికల్లో పేరున్న పెద్దమనిషిని ముందుపెట్టి వెనక నుంచి వర్గపోరు నడిపే వాళ్లు ఈ ముచ్చట గుర్తుంచుకోవాలి.

ఓడిన తర్వాత ఆయన అనంతపురం వెళ్లి వ్యవసాయం చేసుకున్నారు. కొన్నేళ్లపాటు రాజకీయాలకు దూరంగానే ఉన్నారు.

1977: ఒక్కడై వచ్చి అందరివాడై

1975లో జయప్రకాశ్ నారాయణ్ పిలుపు విని మళ్లీ బయటకు వచ్చారు. ఎమర్జెన్సీ తర్వాత 1977లో జరిగిన ఎన్నికల్లో ఉత్తరాదిలో జనతా పార్టీ గాలి వీచింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే పోయాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది సంజీవరెడ్డి.

మొత్తం రాష్ట్రం నుంచి ఒక్కడిగా వచ్చిన ఆ మనిషిని 1977 మార్చి 26న లోక్‌సభ ఏకగ్రీవంగా స్పీకర్‌గా ఎన్నుకుంది. పదేళ్ల కిందట 207 మంది వద్దన్న కుర్చీ అదే. ఈసారి ఎదురు నిలబడినవాళ్లు లేరు. మొదటిసారి కుర్చీలో ఉన్నప్పుడు ఆయన ఎలా నడుచుకున్నారో రెండు పక్షాలూ చూసి ఉన్నాయి కదా.

జులై 13న మళ్లీ స్పీకర్ పదవి వదిలారు, మళ్లీ రాష్ట్రపతి పదవి కోసమే. కానీ ఈసారి ఏ ఒక్క వర్గం అభ్యర్థీ కాదు, కాంగ్రెస్ కూడా ఒప్పుకున్న పేరు. 37 మంది నామినేషన్లు వేస్తే ఒక్క ఆయనదే చెల్లింది. 1952 నుంచి జరిగిన రాష్ట్రపతి ఎన్నికల్లో పోటీ లేకుండా గెలిచింది ఇప్పటివరకు ఆయన ఒక్కరే. 1977 జులై 25న ప్రమాణ స్వీకారం చేశారు.

ఆ అయిదేళ్లూ పూలబాట కాదు. 1979 జులైలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం పడిపోయింది. చరణ్‌సింగ్‌ను పిలిచి ప్రధానిని చేశారు. ఆయన సభలో బలం చూపించకుండానే ఆగస్టు 20న దిగిపోయారు. జగ్జీవన్ రామ్‌కు అవకాశం ఇవ్వాలని జనతా పార్టీ అడిగినా, రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేసి ఎన్నికలకు పంపారు. తనను గెలిపించిన పార్టీవాళ్లే నిందించారు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు. అందరినీ కలిపే పెద్దరికంలో ఉన్నవాడికి కూడా అందరూ మెచ్చే తీర్పు ప్రతిసారీ దొరకదు. 1980 జనవరిలో ఇందిరాగాంధీ మళ్లీ గెలిచారు. 1969లో తన ఓటమికి కారణమైన ఆమె చేత ప్రధానిగా ప్రమాణం చేయించింది కూడా సంజీవరెడ్డే. 1982 జులైలో పదవీకాలం ముగించుకుని వెళ్లిపోయారు. ఆ ఏడాది జనవరి నుంచే ఇక్కడ మన మిల్లులు సమ్మెతో మూతపడి ఉన్నాయి, మన ఇళ్లలో పొయ్యి వెలగడమే కష్టమైన రోజులవి. 1996 జూన్ 1న బెంగళూరులో సంజీవరెడ్డి కన్నుమూశారు.

మన సంఘాలకు

ఇంత కథ చెప్పింది ఆయనకు దండ వేయడానికి మాత్రమే కాదు. చాల్‌ల పునర్నిర్మాణం మాటలు నడుస్తున్నాయి. ఇళ్లు మారుతున్నాయి, పక్కపక్కన బతికిన కుటుంబాలు విడిపోతున్నాయి. అధికారుల ముందు, అన్ని పార్టీల నాయకుల ముందు మన తరఫున మాట్లాడే మనిషిని ఎన్నుకోవాల్సిన రోజులివి. ఆ మనిషిని ఎంచేటప్పుడు మూడు సంగతులు చూసుకుంటే చాలని మేము అనుకుంటున్నాం.

ఒకటి, ఏ పార్టీలో పనిచేసినా సరే, సంఘం పదవి తీసుకున్న రోజు పార్టీ పదవి పక్కన పెట్టగలడా? రెండు, తనకు ఓటు వేయనివాళ్లు సర్వసభ్య సమావేశంలో లెక్కలు అడిగితే వాళ్లకు మైకు ఇస్తాడా? మూడు, పదవి రాని రోజున, కింది కుర్చీలో కూర్చుని పని చేసిన చరిత్ర ఉందా?

ఏకగ్రీవం కోసం మనం బతిమాలుకుంటాం, ఒత్తిడి పెడతాం, పోటీదారుణ్ని విరమించుకోమంటాం. సంజీవరెడ్డికి ఏకగ్రీవం అలా రాలేదు. పోటీలో గెలిచి, ఓడినవాళ్లను గౌరవించిన పదేళ్ల తర్వాత వచ్చింది. కాబట్టి పోటీ జరిగితే జరగనిద్దాం. మర్నాడు గెలిచినాయన ఓడినాయన గదికి వెళ్లి చాయ్ తాగి, కమిటీలో వాళ్ల మనిషికి చోటిస్తే సంఘం నిలబడుతుంది. పడుగు ఎంత గట్టిగా ఉన్నా అడ్డంగా పేక పడితేనే బట్ట అవుతుందని మనకు వేరే ఎవరు చెప్పాలి?

సమాఖ్య కుటుంబాలన్నిటికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.