డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు – ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికలో ఒక గొప్పవారి జీవితాన్ని తమ్ముళ్లకు పరిచయం చేయడం మంచి ఆనవాయితీ. ఈసారి మేము డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎంచుకున్నాము. కారణం ఉంది. ఆయన పేరు మనలో చాలామందికి తెలియదు గానీ ఆయన శ్రమ ఫలితం మనలో దాదాపు అందరి చేతికీ వచ్చింది. బోదకాలు రాకుండా దేశంలో 2004 నుంచి ఊరూరా మాత్రలు పంచారు. ఉమ్మడి నల్గొండ జిల్లా కూడా ఆ వ్యాధి ఉన్న జిల్లాల జాబితాలో ఉండేది. అందుకే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించిన డి.ఇ.సి. మాత్రలు మనకు గుర్తే. బడిలో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర కూడా తెలుసు. ఆ రెండు మాత్రల వెనుకా ఈ తెలుగువాడే ఉన్నాడు.

సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే జాతీయ రహదారి విజయవాడ చేరుతుంది. అక్కడి నుంచి ఇంకా తూర్పుకు పోతే భీమవరం. సుబ్బారావు 1895 జనవరి 12న ఆ ఊళ్లో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఏడుగురు పిల్లల్లో సుబ్బారావు నాలుగవవాడు. ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. పదమూడేళ్ల వయసులో డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయి కాశీ దారి పట్టాడు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని ఆ పిల్లవాడి ఆలోచన. తల్లి వెంకమ్మ వెతికించి వెనక్కి తెప్పించి, మళ్లీ బడిలో కూర్చోబెట్టింది.

బడిలో కూర్చున్నాడు గానీ మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి పరీక్ష రాసి గట్టెక్కాడు. సప్లిమెంటరీ ఫలితాల కోసం ఎదురుచూసే మన మిత్రులు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదువుకోవాలని మా కోరిక. 1913లో తండ్రి చనిపోయారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదువుతుండగా మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరిపోదామనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మఠంవారు కూడా ముందు వైద్యం చదవమన్నారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. 1919లో శేషగిరితో పెళ్లయింది. చదువు ఖర్చుకు మామగారు ఆదుకున్నారు.

అప్పుడు స్వాతంత్ర్యోద్యమం రోజులు. సుబ్బారావు కూడా ఖద్దరు కట్టాడు. అది ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ చేతికి రాలేదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే వచ్చింది. 1921లో అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తం స్ప్రూ అనే వ్యాధితో చనిపోయాడు. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో, రక్తం తగ్గి మనిషి క్షీణించిపోయే జబ్బు అది. రోజుల తేడాతో ఇంకో సోదరుడు కూడా పోయాడు. వైద్యం చదివిన తమ్ముడు ఇంట్లో ఉండి కూడా కాపాడలేకపోయాడు. ఆ రోజుల్లో దానికి మందే లేదు.

ఆ తరువాత కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. మందుల మూలాలు తెలుసుకోవాలంటే ఇంకా చదవాలి అనిపించింది. మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం తీసుకుని ఓడ ఎక్కారు. 1923 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. చదువుకు సాయం దొరికింది గానీ పొట్ట గడవాలి కదా! ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనికి కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలు కడగడం కూడా అందులో భాగమే. డాక్టరు చదువు చదివినవాడు ఆ పనిని చిన్నతనం అనుకోలేదు. ధర్మసంస్థ సొమ్ముతో చదవడం కూడా చిన్నతనం అనుకోలేదు. ప్రభుత్వ వసతి గృహంలో ఉండి చదువుకుంటున్నామని బయట చెప్పుకోవడానికి మొహమాటపడే తమ్ముళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక అసలు కథకు వస్తాం. హార్వర్డ్‌లో ఆయన సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో చేరారు. రక్తంలో, కండరంలో భాస్వరం ఎంత ఉందో కొలవడం అక్కడి పని. వినడానికి చిన్న పనే. కానీ శరీరంలోని పదార్థాలు కంటికి కనబడవు. కనబడని దాన్ని పట్టుకోవాలంటే ముందు అది ఉందని తెలియాలి, ఎంత ఉందో కొలవాలి. అంతకుముందున్న పద్ధతుల్లో రంగు నిలకడగా ఉండక లెక్క తప్పేది. ఫిస్క్, సుబ్బారావు కలిసి ఒక కొత్త పద్ధతి తయారుచేశారు. రక్తంలోంచి మాంసకృత్తులను ఆమ్లంతో విరగ్గొట్టి వడకట్టాలి. మిగిలిన తేట నీటికి ఆమ్లంతో కూడిన అమ్మోనియం మాలిబ్డేట్ కలపాలి. భాస్వరం ఉంటే అది దానితో జతకడుతుంది. తరువాత ఇంకో రసాయనం చేర్చితే నీలిరంగు పుడుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. ఎంత భాస్వరం ఉందో ముందే తెలిసిన ద్రావణం పక్కన పెట్టి, కలరీమీటర్ అనే పరికరంలో రెండు రంగులనూ పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది.

ఈ పద్ధతి 1925లో అచ్చయింది. అప్పటి నుంచి ప్రపంచమంతా వాడింది. శాస్త్ర పత్రికల్లో ఎక్కువమంది ప్రస్తావించిన వ్యాసాల్లో అదొకటి. ఇవాళ సూర్యాపేటలోనో మిర్యాలగూడలోనో ల్యాబులో మూత్రపిండాల రోగికి రక్తంలో భాస్వరం పరీక్ష చేస్తే, యంత్రాలు మారినా మాలిబ్డేట్‌తో భాస్వరాన్ని పట్టే సూత్రమే ఎక్కువగా కనబడుతుంది. కోదాడలోనో మరో చోటనో ఒకేషనల్ ఎం.ఎల్.టి. చదివే మన అన్నలూ అక్కలూ ఆ సీసా చేతబట్టినప్పుడు సుబ్బారావును తలచుకుంటే బాగుంటుంది.

కొలత చేతికి వచ్చాక ఒక వింత కనబడింది. రక్తం తేటతో నీలిరంగు వెంటనే వచ్చేది. కండరం నుంచి తీసిన తేటతో మాత్రం రంగు మెల్లమెల్లగా ముదురుతూ పోయేది. ఇంకొకరైతే ప్రయోగం చెడిందని పారబోసి మళ్లీ మొదలుపెట్టేవారు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. భాస్వరం ఇంకేదో పదార్థంతో కట్టుబడి ఉందనీ, ఆమ్లంలో ఆ కట్టు నెమ్మదిగా విడిపోతోందనీ, విడిపోయిన కొద్దీ రంగు పెరుగుతోందనీ గ్రహించారు. ఆ పదార్థాన్ని కండరంలోంచి వేరుచేసి చూస్తే అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతి ప్రకటించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా వేరే దారిలో ఆ పదార్థం జాడ కనుక్కున్నారు.

కబడ్డీలో కూతకు వెళ్లినవాడు గీత వైపు ఒక్కసారిగా దూకుతాడు. ఆ మొదటి కొద్ది సెకన్లలో కండరానికి అక్కరకు వచ్చే నిల్వ సొమ్ము ఈ ఫాస్ఫోక్రియాటినే. అంతవరకు కండరానికి బలం లాక్టిక్ ఆమ్లం తయారీ నుంచి వస్తుందని శాస్త్రవేత్తలు నమ్మేవారు. కండరాల మీద చేసిన పరిశోధనకు హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆలస్యంగా వచ్చిన ఒక నీలిరంగు ఆ పాత లెక్కను తిరగరాయించింది.

1929లో వీళ్లిద్దరూ కండరం నుంచి ఇంకో పదార్థాన్ని వేరుచేశారు. అదే ఎ.టి.పి. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడాది విడిగా దాన్ని కనుగొన్నాడు. బైపీసీ పుస్తకంలో మనం కణానికి శక్తి నాణెం అని చదువుకునేది దాన్నే. మిణుగురు పురుగు వెలుగుకు ఎ.టి.పి. అవసరమని 1947లో అమెరికాలో మెక్‌ఎల్‌రాయ్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. ఇప్పుడు ఆసుపత్రుల్లో, ఆహార ఫ్యాక్టరీల్లో తుడిచిన బల్ల శుభ్రంగా ఉందో లేదో చూడటానికి ఆ మిణుగురు రసాయనాన్నే వాడుతున్నారు. బల్లమీద సూక్ష్మజీవులో ఆహారపు మరకలో మిగిలితే వాటిలోని ఎ.టి.పి. తగిలి వెలుగు వస్తుంది. వెలుగును కొలిస్తే మురికి ఎంతో తెలుస్తుంది.

1930లో సుబ్బారావు పిహెచ్.డి. పొందారు. కానీ హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీలో చేరి, రెండేళ్లకు పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. అక్కడి ఎనిమిదేళ్లలో ఆయన నడిపించిన బృందాలు చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

అప్పట్లో కాలేయ రసం తాగిస్తే కొన్ని రకాల రక్తహీనత తగ్గేది. అందులో పనిచేసేది ఏ పదార్థమో తెలియదు. దాన్ని వేరుచేయాలని సుబ్బారావు పట్టుదల. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని శుద్ధంగా వేరుచేసి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసింది. కాలేయంలో వెతికిన మరో పదార్థం, విటమిన్ బి12, 1948లో వేరేవారికి దొరికింది. అయితేనేం, ఫోలిక్ ఆమ్లం వాడితే స్ప్రూ రోగులు కోలుకున్నారు. అన్నను తీసుకుపోయిన జబ్బుకు పాతికేళ్ల తరువాత తమ్ముడి ప్రయోగశాల నుంచే మందు వచ్చింది. బడిలో ఇచ్చే నీలం మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. గర్భిణులకు ఇచ్చేదీ అదే.

ఫోలిక్ ఆమ్లం రూపం తెలిశాక దాన్ని పోలిన దొంగ పదార్థాలనూ తయారుచేశారు. క్యాన్సర్ కణం దాన్ని ఫోలిక్ ఆమ్లం అనుకుని తీసుకుని, పెరగలేక ఆగిపోతుంది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948లో వచ్చిన ఆ వార్త క్యాన్సర్ మందుల చరిత్రలో ఒక మైలురాయి. దాని తరువాతిదైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ పిల్లల రక్త క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. 1947లో బోదకాలుకు డి.ఇ.సి. వచ్చింది. 1948లో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనుగొన్న ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది.

ఇన్ని చేసినా పత్రికల ముందుకు ఆయన పెద్దగా రాలేదు. పేరు తన బృందంలోనివారికే వదిలారు. అమెరికా పౌరసత్వం కూడా తీసుకోలేదు. 1948 ఆగస్టు 9న నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. మన ప్రభుత్వం 1995లో, శతజయంతి సంవత్సరంలో, ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఇంకొక సంగతి దాచకుండా రాయాలి. 1923లో ఓడ ఎక్కిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. పుట్టిన బిడ్డను తండ్రి చూడలేదు, ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. శేషగిరమ్మ గారు మళ్లీ భర్త ముఖం చూడలేదు. ఆయన విజయాల ఖరీదులో పెద్ద భాగం ఆమే చెల్లించారు. గొప్పవారి జీవితం చెప్పుకునేటప్పుడు వాళ్లింట్లో ఎదురుచూసినవారిని కూడా లెక్కలో వేయాలని మా అభిప్రాయం.

తమ్ముళ్లారా! మనమందరం సుబ్బారావులం కాకపోవచ్చు. ఆయన చేసిన ఒక పని మాత్రం మనమూ చేయవచ్చు. ప్రాక్టికల్స్‌లో ఫలితం పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే, కొట్టేసి పక్కవాడి రికార్డు చూసి రాయడం మనలో అలవాటు. ఈసారి అలా చేయకండి. వచ్చిందే రాయండి. ఎందుకలా వచ్చిందో సారును అడగండి. ఆయన పరీక్షనాళికలో నీలిరంగు ఆలస్యంగా వచ్చినప్పుడు దాన్ని పారబోసి ఉంటే, ఈ జీవితకథ రాసే అవసరమే మాకు వచ్చేది కాదేమో.