బెర్రీ ప్రభువు జాన్

మన కొండలలో నేల దున్నువారును, పందులను కాచువారును, పంటపొలములో దిష్టిబొమ్మను నిలుపువారును మనకు నిత్యము కనబడుచుందురు. ఇట్టివారి రూపములు బంగారుపూత గల యొక ప్రార్థనా గ్రంథములో చేరుటకు ఒక రాజకుమారుడు కారకుడయ్యెను. ఆయన చరిత్ర యిది.

జాన్ 1340 నవంబరు 30వ తేదీన పారిస్ చెంతనున్న విన్సెన్ కోటలో జన్మించెను. తండ్రి ఫ్రాన్సు రాజగు రెండవ జాన్. 1356లో ఆంగ్లేయులు ఆ రాజును యుద్ధమున చెఱపట్టిరి. 1360 నాటి సంధి ననుసరించి తండ్రి విడుదలకు పూచీగా కుమారుడు లండను నగరమునకు పోవలసివచ్చెను. ఆ యేటనే ఆయనకు బెర్రీ మండలము లభించెను.

అన్నగారగు అయిదవ చార్లెసు 1380లో మరణించిన పిదప దక్షిణమునందలి లాంగడాక్ మండలము జాన్ చేతిలో పెట్టబడెను. అచ్చట ఆయన విధించిన పన్నులను మోయజాలక జనులు తిరుగబడిరి. 1389లో ఆరవ చార్లెసు స్వయముగా పోయి ప్రజల మొఱ లాలించి తన పినతండ్రిని ఆ యధికారమునుండి తొలగించెను.

ఇట్లు కూడిన ధనము కోటలకును, రత్నములకును, పుస్తకములకును వ్యయమయ్యెను. మరణకాలమున ఆయనయొద్ద సుమారు 300 వ్రాతప్రతులుండెను. వానిలో ఆయన మిక్కిలి ప్రేమించినవి ఘడియల గ్రంథములు. దినమున ఎనిమిది వేళల చేయదగిన ప్రార్థనలును, కీర్తనలును, పండుగల పంచాంగమును అందుండును.

నైమెహెన్ పట్టణస్థులగు పాల్, హెర్మన్, జాన్ అను లింబూర్గ్ సోదరులు మువ్వురు ప్రభువు కొలువులో చిత్రకారులు. 1411 సంవత్సరాదికి వారు ప్రభువున కొక వింత కానుక నిచ్చిరి. తెల్లని మఖమలు తొడుగును, వెండి గొళ్లెములును గల పుస్తకమది. తెఱవబోగా అందొక పత్రమైనను లేదు, అది వట్టి కొయ్యదిమ్మ! ప్రభువుతో పరిహాసమాడగల చనువు ఆ పనివారికుండెనని దీనివలన తెలియును.

ఆ దినములలోనే వారు మహాగ్రంథము నొకదాని నారంభించిరి. మన పూర్వులు తాటియాకుపై గంటముతో వ్రాసినట్లు, వారు దూడచర్మమును సున్నపునీట నాన్చి, గీకి, పలుచని పత్రములుగా చేసి వానిపై వ్రాసెడివారు. బంగారు రేకును అతికించి మెఱుగుపెట్టెడివారు. ఆకాశమునకు వేయు నీలిరంగు ఆఫ్గనిస్థాన్ కొండలలో దొరకు రాజావర్తమను రాతిని నూరి తీయబడెను; గనుక అది మిగుల వెలగలది.

పంచాంగమునకు నెల కొక చిత్రము గలదు. జనవరిలో ప్రభువు విందుబల్లయొద్ద కూర్చుండియున్నాడు. పుట త్రిప్పగానే ఫిబ్రవరి: నేలయంతయు మంచు, దొడ్డిలో గొఱ్ఱెలు, చిన్న యింటిలో నిప్పుకడ చలికాగు పల్లెవారు. అక్టోబరులో ఒకడు విత్తనములు చల్లుచుండగా వెనుక పక్షులు వానిని ఏరి తినుచున్నవి. దూరమున విల్లు పట్టిన దిష్టిబొమ్మ నిలిచియున్నది. పన్నులు చెల్లించిన చేతులవంటి చేతులే యివి. చిత్రకారులు ఆ సంగతి తలచి వ్రాసిరో లేదో గాని, నేనీ రెండు పుటలను కలిపి చూడక యుండజాలను. ప్రభువు న్యాయవంతుడని నేననను. అయినను ఆయన లేనిచో ఆ పేదల యిల్లు మన కన్నుల బడియుండెడిది కాదు.

1416 జూను 15న జాన్ పారిస్‌లో 75 ఏండ్ల వయస్సున మృతి నొందెను. గ్రంథ మప్పటికి ముగియలేదు. కుట్టని పత్రములుగా నొక పెట్టెలో నుండెను. సోదరులు మువ్వురును ఆ యేటనే గతించిరి. సుమారు 1485లో జాన్ కొలాంబ్ అను చిత్రకారుడు సవాయి ప్రభువు కొఱకు మిగిలిన పనిలో చాలభాగము పూరించెను. నవంబరు చిత్ర మతనిదే. మన పిల్లలు ఇప్పపూవు నేరునట్లు, ఆ దేశపు పందులకాపరి సిందూరవృక్షముపైకి కఱ్ఱ విసరి కాయలు రాల్చును. పందులు క్రింద తినుచుండును.

1856లో ఓమాల్ ప్రభువు కొనిన యీ గ్రంథము, ఇప్పుడు ఫ్రాన్సులోని షాంతిలీ కోటయందు భద్రపరుపబడియున్నది. మొత్తము పత్రములు 206.