భాస్వరమును కొలిచిన తెలుగువాడు

విద్యార్థులారా! మన గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి చేలలో ప్రత్తియు మిరపయు పండించు రైతులు భాస్వరపు టెరువును సంచులకొలది వేయుట మీరెల్లరు చూచినదే. ఆ నేలలోని సున్నము భాస్వరమును పట్టి యుంచుటచే, వేసినదానిలో కొంత మాత్రమే ఆ యేటి పైరున కందును. కంటికి కనబడని యీ ఖనిజమును కొలుచు విద్యకు వన్నె తెచ్చినవారు తెలుగువారగు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వీరు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీని భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. పిమ్మట మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, ఖద్దరు ధరించుటచే ఒక ఆచార్యుని యాగ్రహమునకు గురియై, యం.బి.బి.యస్. పట్టమునకు బదులు తక్కువదగు ఎల్.యం.యస్. పట్టమునే పొందిరి. అంతకుముందే స్ప్రూ యను వ్యాధి వీరి సోదరులను బలిగొనెను. ఆ దుఃఖమే వీరిని పరిశోధనకు పురికొల్పెను.

మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారును ధనసాహాయ్యము చేయగా, వీరు అమెరికాలోని హార్వర్డు విద్యాలయమున చేరిరి. పొట్టపోసికొనుటకై రాత్రులు ఆసుపత్రిలో చిన్నపనులు చేసిరి.

1925 లో సైరస్ ఫిస్కేగారితో కూడి వీరు భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. భాస్వరముగల ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డేటును, మరియొక ద్రవ్యమును చేర్చిన నీలవర్ణము పుట్టును. నీలము ముదిరినకొలది భాస్వరము హెచ్చని యర్థము. నీలవర్ణపు పరీక్ష పూర్వమే యున్నను, దానిని త్వరితముగను నమ్మదగినదిగను చేసినవారు వీరే. ఈ కొలతయే సాధనముగా 1927 లో కండరములందలి ఫాస్ఫోక్రియాటినును, పిదప జీవకోశములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని కనుగొనిరి. మన చేయి కదలుటకును, మిరపమొక్క వేరు పాతుకొనుటకును భాస్వరమే యాధారము.

హార్వర్డులో స్థిరోద్యోగము లభింపకపోగా, 1940 లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. అచ్చట వీరి నాయకత్వమున ఫోలికామ్లము, బోదకాలు వ్యాధికి హెట్రజాను, ఆరియోమైసిను వెలువడెను. 1948 వ సంవత్సరము ఆగస్టు నెలలో, తమ 53 వ యేట, స్వదేశమునకు మరలి రాకయే పరమపదించిరి. 1995 లో మన ప్రభుత్వము వీరి పేర తపాలాబిళ్ల వెలువరించెను.

నేటికిని మట్టిపరీక్షాలయములలో నీలవర్ణమునుబట్టియే భాస్వరమును లెక్కింతురు. కొలువక వేసిన యెరువు ధనవ్యయమే గాక, మితిమీరినచో పైరునకు జింకు అందకుండ చేయును. కావున ఇంటికేగినప్పుడు మీ తండ్రులతో చెప్పుడు: ముందు మట్టిని పరీక్షింపించి, పిదప సంచి విప్పవలెను. పరీక్ష తప్పి కుందుచున్న బాలుడెవడేని మీలో నున్నచో, రెండుమారులు తప్పిన యీ భీమవరపు బాలుని తలచుకొని మరల పుస్తకము తెరచుగాక.