జిమ్ కాన్‌స్టాంటీ

మన విద్యార్థులకు క్రికెట్టు పరిచితమే గాని అమెరికావారి బేస్‌బాల్ అంతగా తెలియదు. అందు బంతి విసరువానిని పిచ్చరందురు. ఆట ప్రారంభించిన పిచ్చరు అలసినప్పుడును, పరుగులెక్కువ యిచ్చుచున్నప్పుడును వాని స్థానమున మఱియొకడు దిగును. వాడు రిలీఫు పిచ్చరు. ఆట ప్రారంభించుటకు తగనివానికే ఈ పని యొప్పగింతురని పూర్వము తలంచెడివారు. ఆ తలంపును మార్చినవారిలో కాన్‌స్టాంటీగారొకరు.

వీరు 1917లో న్యూయార్కు రాష్ట్రమందలి స్ట్రైకర్స్‌విల్ గ్రామమున జన్మించిరి. సిరక్యూసు విశ్వవిద్యాలయమున చదివి ఉపాధ్యాయులైరి. మా వృత్తివారగుటచే వీరియందు మాకించుక పక్షపాతము గలదని యొప్పుకొనుచున్నాము. 1944లో సిన్సినాటి జట్టున ఆడిరి. పిమ్మట నౌకాదళమున పనిచేసిరి. 1946లో బోస్టను జట్టు వీరిని కొలదికాలమే యుంచుకొనెను. టొరాంటోలో క్రిందితరగతి ఆటలాడుచుండగనే ముప్పదియేండ్లు నిండెను.

కండ్లద్దములు ధరించిన యీ మనిషి బంతికి వేగము తక్కువ. ఆ లోటును బంతి వంపుచే పూరించుకొనిరి. ఇందు వీరికి తోడ్పడినవాడు శవసంస్కారముల నేర్పాటుచేయు వృత్తిగల యొక మిత్రుడు! బంతి తిరుగుటలోని లోపమును ఆతడు కనిపెట్టి చెప్పెడివాడు. గురువు ఎక్కడ దొరకునో యెవరెఱుగుదురు?

1948లో ఫిలడెల్ఫియా ఫిల్లీసు జట్టున చేరిరి. 1950లో 74 ఆటలందు బంతి విసరిరి. అందొక్కటియు తాము ప్రారంభించినది కాదు. 16 గెలుపులు, 7 ఓటములు వీరి లెక్కకు వచ్చెను. ఇతరులు సంపాదించిన ఆధిక్యమును చివరివఱకు కాపాడిన ఆటలు 22 అని తరువాతివారు లెక్కించిరి. ఆ దినములలో అట్టి లెక్కయే లేదు. 1915 తరువాత ఆ జట్టు నేషనల్ లీగు గెలుచుట అదియే మొదలు. లీగులో అత్యంత విలువగల ఆటగాడను గౌరవము వీరికి లభించెను. అంతకుముందు ఏ రిలీఫు పిచ్చరును దానిని పొందలేదు.

ఆ యేటి ప్రపంచ పోటీలో న్యూయార్కు యాంకీసును ఎదుర్కొనవలసి వచ్చెను. జట్టులోని ముఖ్య పిచ్చర్లలో సిమ్మన్సు సైన్యమునకు పిలువబడెను, రాబర్ట్సు అలసియుండెను. అందుచే నాయకుడు సాయరు అక్టోబరు 4వ తేదీన మొదటి ఆటను ప్రారంభింపుమని కాన్‌స్టాంటీగారినే పంపెను. ఏడాదియంతయు చివరను వచ్చినవారు ఆనాడు మొదట నిలిచిరి. ఎనిమిది ఇన్నింగులలో నాలుగు హిట్లే యిచ్చిరి. నాల్గవ ఇన్నింగులో బాబీ బ్రౌను రెండవ బేసు చేరి, తరువాతి రెండు క్యాచుల మీద ఒక్కొక్క బేసు ముందుకు జరిగి పరుగు తీసెను. ఆ యొక్క పరుగే! ఎదుటి పిచ్చరు రాస్కీ ఫిల్లీసుకు రెండు హిట్లే యిచ్చెను. 1-0తో ఓడిరి. మిగిలిన మూడాటలును యాంకీసే గెలిచిరి.

1954లో ఆ యాంకీసు జట్టే వీరిని తీసికొనెను. 1956తో ఆట ముగించి, ఒనియాంటా పట్టణమున క్రీడాసామగ్రి అంగడి నడపిరి. అచ్చటి హార్ట్‌విక్ కళాశాలలో క్రీడాశాఖకు అధిపతిగా నుండిరి. 1976లో మరణించిరి.