మిల్లు, స్టోరు, మధ్యలో బాబేజ్

కిరాణా కొట్లో కౌంటర్ మీద ఉండే మామూలు కాలిక్యులేటర్ చూడండి. ఎం ప్లస్, ఎం మైనస్, ఎంఆర్‌సీ అని బటన్లు ఉంటాయి. మనలో చాలామంది వాటి జోలికే పోరు. వాడటం మాత్రం చాలా ఈజీ. 12ని 45తో గుణించి ఎం ప్లస్ నొక్కితే 540 లోపల ఉండిపోతుంది. 8ని 60తో గుణించి మళ్ళీ ఎం ప్లస్ నొక్కితే ఇంకో 480 దానికి కలుస్తుంది. చివర్లో ఎంఆర్‌సీ నొక్కితే 1020 వస్తుంది. మధ్యలో పెన్ను, కాగితం అక్కర్లేదు.

లెక్క చేసే చోటు వేరు, నంబర్ దాచే చోటు వేరు. చూడ్డానికి చిన్న విషయమే. కానీ కరెంటు మిషన్లు రాకముందే దీన్ని పళ్ళచక్రాలతో చేయాలని ఒకాయన దాదాపు సగం జీవితం పెట్టేశాడు. ఆయనే చార్లెస్ బాబేజ్. స్కూల్లో ఫాదర్ ఆఫ్ కంప్యూటర్ అని ఒక మార్కు బిట్‌గా బట్టీపట్టాం కదా, ఆయనే.

బాబేజ్ 1791లో లండన్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జ్‌లో మ్యాథ్స్ చదివాడు. అప్పట్లో ఓడలు నడిపేవాళ్ళకీ, నక్షత్రాలు చూసేవాళ్ళకీ లెక్కల పట్టికలే ఆధారం. వాటిని మనుషులే చేత్తో లెక్కగట్టేవాళ్ళు, కాబట్టి తప్పులు బోలెడు. 1821లో ఫ్రెండ్ జాన్ హెర్షెల్‌తో కలిసి అలాంటి పట్టికలు చెక్ చేస్తూ ఆయన విసిగిపోయాడు. ఈ పని మిషన్ ఎందుకు చేయకూడదన్న ఆలోచన అక్కడ పట్టుకుంది.

అలా మొదలైంది డిఫరెన్స్ ఇంజిన్. కూడికలు మాత్రమే చేస్తూ పట్టికలు తయారుచేసే మిషన్ ఇది. 1823లో బ్రిటిష్ ప్రభుత్వం డబ్బులు ఇవ్వడం మొదలుపెట్టింది. పని సాగుతుండగానే 1827లో, ఒకే ఏడాదిలో తండ్రి, భార్య జార్జియానా, ఇద్దరు కొడుకులు పోయారు. అయినా ప్రాజెక్ట్ వదల్లేదు. 1832లో సుమారు 2000 భాగాలతో ఒక ముక్క తయారై చక్కగా పనిచేసింది. తర్వాతి ఏడాదే మిషన్ తయారుచేస్తున్న జోసెఫ్ క్లెమెంట్‌తో గొడవొచ్చి పని ఆగిపోయింది.

ఇంకొకరైతే ఆ ముక్కనే ఎలాగోలా పూర్తిచేసేవాళ్ళు. బాబేజ్‌కి 1834లో అంతకంటే పెద్ద ఐడియా వచ్చింది, అదే అనలిటికల్ ఇంజిన్. అందులో లెక్క చేసే భాగానికి మిల్లు అనీ, నంబర్లు దాచే భాగానికి స్టోరు అనీ బట్టల మిల్లుల నుంచి పేర్లు తీసుకున్నాడు. మనమైతే రైస్ మిల్లు, పక్కనే గోడౌన్ అనుకోవచ్చు. ఏ నంబర్ తేవాలి, ఏం చేయాలి అన్నది చిల్లుల కార్డులు చెప్తాయి.

ఇక్కడో చిక్కుంది. స్టోర్‌లోంచి నంబర్ చదవాలంటే చక్రాలు సున్నాకి తిరగాలి. అంటే ఒకసారి వాడితే ఆ నంబర్ పోయినట్టే. అందుకని చదివాక చెరిగిపోయే పద్ధతి ఒకటి, తిరిగి అదే చోట నిలిచే పద్ధతి ఇంకొకటి డిజైన్ చేశాడు. ఇప్పుడు ఎంఆర్‌సీ ఒకసారి నొక్కితే నంబర్ కనిపిస్తుంది, రెండోసారి నొక్కితే మెమరీ ఖాళీ అవుతుంది. ఉంచాలా, తుడిచేయాలా అన్న అదే ప్రశ్న!

ఈ ఇంజిన్ గొప్పతనాన్ని బాగా అర్థం చేసుకున్నది అడా లవ్‌లేస్. 1843లో ఆమె రాసిన నోట్స్‌లో బెర్నూలీ సంఖ్యలు లెక్కించే పద్ధతి స్టెప్ బై స్టెప్ ఉంది. ప్రభుత్వం మాత్రం 1842లోనే చేతులెత్తేసింది. అప్పటికే పాత మిషన్ మీద 17,000 పౌండ్లకు పైగా పోశారు, పూర్తయిన మిషన్ మాత్రం చేతికి రాలేదు. కొత్తదానికి డబ్బులు ఎవరిస్తారు?

వెర్షన్ వన్ పూర్తి చేయకుండా వెర్షన్ టూకి దూకడం బాబేజ్ బలహీనత. మన ప్రాజెక్ట్ రివ్యూలో అయితే సున్నా మార్కులే. కానీ వెర్షన్ వన్ దగ్గరే ఆగిపోయి ఉంటే మనకి ఒక మంచి కూడికల మిషన్ మిగిలేది, స్టోర్ అన్న ఆలోచన ఆయన దగ్గర పుట్టేది కాదు. ఏది కరెక్టో నాకైతే తేల్చడం కష్టంగానే ఉంది.

1871లో ఆయన చనిపోయేవరకు డ్రాయింగులు దిద్దుతూనే ఉన్నాడు. తర్వాత కొడుకు హెన్రీ మిల్లులో కొంత భాగం తయారుచేసి 1910లో పూర్తిచేశాడు. 1991లో లండన్ సైన్స్ మ్యూజియం వాళ్ళు ఆయన డ్రాయింగుల ప్రకారం రెండో డిఫరెన్స్ ఇంజిన్‌లో లెక్కలు చేసే భాగాన్ని కట్టారు, అది తప్పులేకుండా పనిచేసింది. డిజైన్ కరెక్టేనని తేలడానికి ఆయన పుట్టి 200 ఏళ్ళు పట్టింది. స్టోర్‌తో సహా పూర్తి అనలిటికల్ ఇంజిన్ మాత్రం ఇప్పటికీ కాగితం మీదే ఉంది.